నడుం గట్టిపడాలి - ఎవరి కోసం?

ప్రతి ఏడూ మార్చి ఎనిమిది దగ్గరపడేసరికి పత్రికల మహిళా పేజీల్లో ఒక వ్యాసం తప్పకుండా వస్తుంది. నలభై దాటిన స్త్రీలు ఎముకల విషయంలో జాగ్రత్తపడాలి, పాలు తాగాలి, క్యాల్షియం మాత్రలు వేసుకోవాలి, పొద్దున్నే ఎండలో నడవాలి అని. దాని పక్కనే ఏదో ఒక ఆసుపత్రివాళ్ళ ఉచిత ఎముకల పరీక్షా శిబిరం ప్రకటన. నేను ఉపన్యాసానికి వెళ్ళిన ఒక ఆడపిల్లల కాలేజీలోనూ ఇలాంటి శిబిరమే పెట్టారు. అధ్యాపకురాళ్ళంతా చెప్పులు విప్పి, మడమలు యంత్రంలో పెట్టి, వచ్చిన అంకెలు చూసుకుని దిగాలుపడ్డారు. ఇంటర్ పిల్లలు కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నారు. "వాళ్ళకేం పనండీ, చిన్నపిల్లలు" అన్నాడు శిబిరం నడుపుతున్నాయన.

నా పేచీ అంతా ఆ మాటతోనే. ఆ పిల్లలకి యంత్రంతో పరీక్ష అక్కర్లేదు, నిజమే. కానీ ఆ రోజు ఆ ఆవరణలో ఎముకల గురించి ఎవరితోనైనా అత్యవసరంగా మాట్లాడాల్సి ఉందంటే అది ఆ పిల్లలతోనే. వాళ్ళ తల్లిదండ్రులతో, హాస్టల్ వార్డెన్లతో, సరుకుల బిల్లు మీద సంతకాలు పెట్టే అధికారులతో.

ఎముక అనగానే మనకి రాయిలాంటిదేదో గుర్తొస్తుంది. అది రాయి కాదు, బతికున్న కణజాలం. మాంసకృత్తుల అల్లిక మీద క్యాల్షియం, ఫాస్ఫరస్ లవణాలు పేరుకుని గట్టిపడుతుంది. బతికినన్నాళ్ళూ ఒకపక్క కరుగుతూ, ఒకపక్క కట్టుకుంటూ ఉంటుంది. ఈ కట్టుబడికి ఒక కాలం ఉంది. ఆడపిల్లలకి పద్దెనిమిదేళ్ళు, మగపిల్లలకి ఇరవై ఏళ్ళు వచ్చేసరికి జీవితకాలపు ఎముక సంపదలో దాదాపు 90 శాతం చేరిపోతుంది. అందులోనూ ఎత్తు బాగా సాగే రోజుల చుట్టూ, ఆడపిల్లలకైతే పన్నెండు పదమూడేళ్ళ దగ్గర, ఒక్క రెండేళ్ళలోనే పెద్దయ్యాక ఉండే ఎముకలో సుమారు నాలుగోవంతు తయారవుతుంది. ముప్పై దాటాక కొత్తగా కూడబెట్టేది దాదాపు ఏమీ ఉండదు. ఉన్నది జాగ్రత్త చేసుకోవడమే. ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి ఖర్చు వేగం పెరుగుతుంది. యవ్వనంలో చేరిన ఎముక సాంద్రత పది శాతం ఎక్కువుంటే, ఎముకలు గుల్లబారే దశ పదమూడేళ్ళు వెనక్కి జరుగుతుందని 2003లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

అంటే నలభై అయిదేళ్ళ స్త్రీకి "మీ ఎముకలు బలహీనంగా ఉన్నాయమ్మా, మీరు శ్రద్ధ పెట్టలేదు" అని చెప్పే డాక్టరు నిజానికి ఆమె పన్నెండో ఏటి పళ్ళెం గురించి మాట్లాడుతున్నాడు. ఆ పళ్ళెంలో ఏముండాలో నిర్ణయించింది ఆమె కాదు. ఇల్లు, కులం, ప్రభుత్వం ముగ్గురూ కలిసి చేసిన అప్పుకి, ముప్పై ఏళ్ళ తర్వాత ఆమె పేరు మీద నోటీసు పంపిస్తున్నాం. ఆ నోటీసుకి 'స్త్రీల ఆరోగ్య అవగాహన' అని పేరు పెడుతున్నాం.

ఆ పన్నెండో ఏట ఏం జరుగుతుందో మనకి తెలియనిది కాదు. సరిగ్గా ఎముకకి తిండి, ఎండ, గెంతులు కావలసిన రోజుల్లోనే మన సమాజం ఆ పిల్ల దగ్గర్నుంచి ఆ మూడూ లాక్కుంటుంది. ఎముక తన మీద పడే బరువునిబట్టి, దెబ్బనిబట్టి బలపడుతుంది. తాడాట, తొక్కుడుబిళ్ళ, కబడ్డీ, చెట్లెక్కడం, ఇవన్నీ ఎముకకి చదువు. 'పెద్దమనిషి అయింది, ఇంక ఆ గెంతులేంటి' అన్నరోజున ఆ చదువు ఆగిపోతుంది. ఎండ సంగతీ అంతే. చర్మం మీద ఎండ పడితేనే విటమిన్ డి తయారవుతుంది, అది ఉంటేనే తిన్న క్యాల్షియం ఒంటబడుతుంది. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో ఈ విటమిన్ లోపం నాలుగేళ్ళలోపు పిల్లల్లో 14 శాతం, అయిదు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళలో 18 శాతం, పది నుంచి పంతొమ్మిదేళ్ళ వాళ్ళలో 24 శాతం ఉంది. అబ్బాయిల్లో కంటే అమ్మాయిల్లో ఎక్కువ. ఇంత ఎండ కాసే దేశంలో పిల్లలు పెరిగేకొద్దీ లోపమూ పెరుగుతోందంటే, కొరత సూర్యుడిది కాదు. వీధి ఎవరిది, మైదానం ఎవరిది అనే ప్రశ్న అది.

మైదానం మాటకొస్తే, మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంటర్ చదువు ఎలా ఉందో చూడండి. అపార్ట్‌మెంటు లాంటి భవనంలో కాలేజీ, పైఅంతస్తులో హాస్టలు, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు. ఎండ మొహం చూడకుండా రెండేళ్ళు. ఇక్కడ అబ్బాయిలకీ అన్యాయమే జరుగుతోంది. అయితే అబ్బాయికి సెలవుల్లో క్రికెట్ బ్యాటు ఎదురుచూస్తుంటుంది, అమ్మాయికి వంటగది. మరోపక్క పేద పిల్లల సంగతి. హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో పువ్వుకి పువ్వు అద్దించే పనికి ఆడపిల్లల వేళ్ళయితే సున్నితంగా ఉంటాయని, కూలీ కూడా తక్కువని, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏళ్ళ తరబడి వాళ్ళనే పెట్టుకున్నారు. 'పని చేస్తే ఒళ్ళు గట్టిపడుతుంది' అనే పెద్దమనుషులున్నారు. తిండి ఉంటే గట్టిపడుతుంది. తిండి లేని పని ఎముకని కట్టదు, తింటుంది.

ఇక్కడ ఒక విషయం నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. మన ఇళ్ళల్లో ఆడపిల్ల రజస్వల అయితే చిమ్మిలి పెడతారు. నువ్వులు, బెల్లం కలిపి దంచిన ఉండలు, ఎండుకొబ్బరి. కొన్ని ఇళ్ళల్లో గుడ్డు, నెయ్యి. 'తినవే, నడుం గట్టిపడాలి' అని అమ్మమ్మలు దగ్గర కూర్చుని తినిపిస్తారు. నువ్వుల్లో నూరు గ్రాములకి వెయ్యి మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంది. పొట్టులోని పదార్థాల వల్ల అంతా ఒంటబట్టదు గానీ, ఉన్నదే చాలా ఎక్కువ. ఇంకో విశేషం, ఎముకలో ఖనిజం జోరుగా చేరే కాలం తొలి ముట్టు చుట్టుపక్కలే. యంత్రాలు, పరిశోధనలు లేని రోజుల్లో ఆడవాళ్ళు ఆ సమయాన్ని సరిగ్గా పట్టుకున్నారు. ఆ జ్ఞానానికి నేను దణ్ణం పెడతాను.

కానీ ఆ జ్ఞానాన్ని పితృస్వామ్యం ఏం చేసిందో కూడా చూడాలి. తొమ్మిది రోజులో, పదకొండు రోజులో చిమ్మిలి. తర్వాత చీరకట్టించి, అక్షింతలు వేయించి, ఫొటోలు తీయించి, పన్నెండో రోజు నుంచి మళ్ళీ పచ్చడి మెతుకులు, నీళ్ళమజ్జిగ. ఎముక అడిగేది పదకొండు రోజుల పండగ కాదు, ఆరేడేళ్ళ భోజనం. పైగా ఆ 'నడుం' ఎవరి నడుం? ఆ పిల్ల పరిగెత్తడానికా, బరువెత్తడానికా, అరవయ్యేళ్ళప్పుడు వంగిపోకుండా నిలబడటానికా? కాదు. రేపు పిల్లల్ని మొయ్యడానికి, కనడానికి. పేరు చెప్పకపోయినా అందరికీ తెలుసు. ఆమె ఎముక ఆమెది కాదు, ఆమె గర్భసంచికి కట్టిన ప్రహరీ గోడ. ఆ గోడ కోసం పెట్టే తిండి కాబట్టి గోడకి ముహూర్తం చేసి వదిలేస్తారు.

ఇది పాతకాలపు ముసలమ్మల ఆలోచన అనుకుంటే పొరపాటు. ఆధునిక ప్రభుత్వం ఆలోచన అచ్చంగా ఇదే. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ క్యాల్షియం మాత్రల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. ఎవరికి? నాలుగో నెల గర్భం నుంచి ప్రసవం దాకా, తర్వాత పాలిచ్చే ఆరు నెలలు, రోజుకి రెండు మాత్రలు. గర్భిణులకి అవి కావాలి, వాళ్ళ ప్రాణాలు తీసే రక్తపోటు ముప్పుని అవి తగ్గిస్తాయి, నాకు అభ్యంతరం లేదు. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో పాలు, గుడ్డు, భోజనం పెట్టిందీ గర్భిణులకి, బాలింతలకే. కిశోర బాలికలకి ఏముంది? బడిలో వారానికొక ఇనుము మాత్ర. 2010లో పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లల కోసమని సబల పథకం తెచ్చారు, అదీ దేశంలో రెండువందల జిల్లాల్లో. 2021లో దాన్ని పోషణ్ 2.0లో కలిపేసి, పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకే, వెనకబడినవని గుర్తించిన ఆకాంక్షిత జిల్లాలకీ ఈశాన్య రాష్ట్రాలకీ పరిమితం చేశారు. అంటే మామూలు జిల్లాలో పుట్టిన పదిహేనేళ్ళ పిల్లకి ప్రభుత్వం గ్లాసు పాలు ఇవ్వాలంటే, ఆమె చెయ్యాల్సిన పని ఒక్కటే. గర్భవతి కావాలి.

మాట కటువుగా ఉందా? అంకెలు ఇంకా కటువుగా ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. కడుపులో బిడ్డ అస్థిపంజరానికి సుమారు 30 గ్రాముల క్యాల్షియం కావాలి, అందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే. తల్లి పెద్దదైతే, తిండి ఉంటే, ఒళ్ళు ఆ లోటుని సర్దుకుంటుంది. పాలు మాన్పించాక పోయిన ఎముక చాలామటుకు తిరిగొస్తుంది. కానీ తల్లే ఇంకా ఎదుగుతున్న పిల్ల అయితే? 2008లో అచ్చయిన బంగ్లాదేశ్ గ్రామాల అధ్యయనం ఒకటి ఉంది. అదే వయసు పిల్లలు ఇంకా కొంచెం కొంచెం ఎత్తు పెరుగుతుంటే, గర్భం వచ్చినవాళ్ళ ఎదుగుదల మాత్రం ఆగిపోయింది. కటి ఎముకలు ఎత్తు ఆగిపోయాక కూడా కొన్నేళ్ళు విశాలమవుతాయి. ఆ లోపలే ప్రసవం ముంచుకొస్తే, దారి ఇరుకై కాన్పు కష్టమవుతుంది. 'నడుం గట్టిపడాలి' అన్నవాళ్ళే ఆ నడుం పూర్తికాకుండా పెళ్ళి చేసేస్తున్నారు.

ఇక పేదింటి పళ్ళెం దగ్గరికి వద్దాం. పదమూడు నుంచి పదిహేనేళ్ళ పిల్లకి రోజుకి 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలని 2020లో ఐసీఎంఆర్, జాతీయ పోషకాహార సంస్థ చెప్పాయి. నూరు గ్రాముల బియ్యంలో ఉండేది పది మిల్లీగ్రాములు. నూరు గ్రాముల రాగుల్లో దాదాపు 350. అంటే మనం ముప్పై రెట్లు తక్కువ ఉన్న గింజని నాగరికత అనుకుని, రాగుల్ని, చోళ్ళని, తైదల్ని కూలివాళ్ళ తిండి అని నెట్టేశాం. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఆకలి తీర్చింది, కాదనను. కానీ అది కడుపు నింపి ఎముకని మర్చిపోయిన పథకం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలోనే పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న ఈ సంగతి ఎప్పటినుంచో చెప్తున్నారు. పేదలకి కేలరీలు చాలు, తక్కువ ఖర్చులో తిండిగింజలతో సరిపెట్టవచ్చు అని పోషకాహార శాస్త్రమే తీర్మానించి, పాలు, గుడ్లు, మాంసం, చేపలు వాళ్ళ హక్కుల జాబితాలోంచి తీసేసిందని ఆమె విమర్శ. ఆమె, ఆమె సహచరులు పేద కుటుంబాల్లోని ముప్పై నుంచి అరవై ఏళ్ళ 289 మంది స్త్రీల ఎముకల్ని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. ఆ స్త్రీల తిండిలో రోజుకి మూడువందల మిల్లీగ్రాముల క్యాల్షియం కూడా లేదు. మన దేశంలో తుంటి ఎముక విరగడం పాశ్చాత్య దేశాల కంటే చిన్న వయసులోనే ఎందుకు జరుగుతోందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ విమర్శలో కులం ఉంది. ముల్లుతో సహా నమిలే నెత్తళ్ళు, ఎండుచేపలు, బొక్కల పులుసు, ఇవన్నీ ఎముకకి మేలుచేసే తిండి. వీటిని 'నీచు' అని పిలిచే భాషే పిల్లల పళ్ళెంలో గుడ్డు పెట్టాలా వద్దా అని చర్చ పెడుతుంది. గుడ్డులో క్యాల్షియం పెద్దగా లేకపోవచ్చు, కానీ ఎముక అల్లికకి కావలసిన మాంసకృత్తులున్నాయి, కొంత విటమిన్ డి ఉంది. ఏది పవిత్రం అని తేల్చేవాళ్ళ పిల్లల ఎముకలకి నెయ్యి, పెరుగు, పన్నీరు ఎలాగూ అందుతాయి.

నాకు ఎదురయ్యే వాదనలు మూడు. మొదటిది, 'మనవాళ్ళ జాతే పొట్టి' అనేది. 1896లో పుట్టిన తమ ముత్తవ్వల కంటే 1996లో పుట్టిన దక్షిణ కొరియా స్త్రీలు సగటున ఇరవై సెంటీమీటర్లు ఎత్తు పెరిగారు. నూరేళ్ళలో జాతి మారిపోలేదు, బతుకు మారింది. రెండోది, 'చిన్నప్పుడు అంగన్‌వాడీలో పెట్టాం కదా' అనేది. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో గర్భిణులకి, చిన్నపిల్లలకి అదనపు ఆహారం ఇచ్చి, ఆ పిల్లలు పెద్దయ్యాక పరీక్షించారు. చిన్నప్పటి అదనపు ఆహారం వల్ల ఎముకలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వాళ్ళకి ప్రస్తుతం ఉన్న కండతో, ఒంటి శ్రమతోనే ఎముక బలానికి సంబంధం కనిపించింది. చిన్నప్పుడు పెట్టొద్దని కాదు దీని అర్థం, ఆరేళ్ళకి చేతులు దులుపుకోవద్దని. మూడోది, అన్నిటికంటే దుర్మార్గమైనది, 'తల్లులకి అవగాహన లేదు' అనేది. నెలాఖరుకి అప్పుచేసి పాలపొడి పొట్లం కొనే తల్లికి అవగాహన లేకపోవడమేమిటి? లేనిది డబ్బు, ఇంట్లో నిర్ణయాధికారం. ఆ తల్లి భయమే పెట్టుబడిగా, పాలల్లో కలిపితే మీవాడు అందరికంటే పొడుగవుతాడని టీవీలో తీపి పొడులు అమ్ముతారు. ఆ ప్రకటనల్లో గోడకి ఆనుకుని ఎత్తు కొలిపించుకునేది చాలాసార్లు అబ్బాయే అన్నది గమనించారా?

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి చివరిగా మన ఇంటి సంగతి కూడా మాట్లాడాలి. ప్రబంధ కవులు కొప్పు నుంచి కాలిగోటి దాకా స్త్రీని వర్ణించారు. నడుం ఉందో లేదో తెలియనంత సన్నం అని మురిసిపోయారు. ఆ సన్నదనంలో ఎముక ఉందన్న అనుమానం ఎవరికీ రాలేదు. స్త్రీవాదులు ఆ చూపుని బద్దలుకొట్టారు. స్త్రీ శక్తి సంఘటన 'సవాలక్ష సందేహాలు' తెచ్చి శరీరం గురించి తెలుగులో మాట్లాడటం నేర్పింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్', ఓల్గా 'రాజకీయ కథలు' లేకపోతే నాలాంటివాళ్ళకి ఈ భాషే లేదు. అయినా స్త్రీవాద సాహిత్యంలో శరీరమంటే ఎక్కువగా గర్భాశయం, రొమ్ములు, ముట్టు, కాన్పు. శత్రువు మనల్ని ఏ అవయవాలకి కుదించాడో ఆ అవయవాల దగ్గరే మన పోరాటమూ ఎక్కువకాలం నిలబడింది. తిండిలేక కుంగిన ఎముక గురించి, గంప మోసి అరిగిన మెడ గురించి తెలుసుకోవాలంటే 2003లో వచ్చిన 'నల్లపొద్దు'లాంటి దళిత స్త్రీల రచనల్లోకి వెళ్ళాలి. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ళు పిల్లల కాళ్ళని వంకర చేస్తే కెమెరా వెళ్ళింది, ఉద్యమం వచ్చింది. మామూలు పేదపిల్ల ఎముక లోపల్లోపల పలచబడితే ఏ కెమెరాకీ కనిపించదు. కనిపించనిదాన్ని కనిపించేలా చెయ్యడమే కదా సాహిత్యం పని?

నా డిమాండ్లు సాదాసీదావి. మధ్యాహ్న భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బు ఎనిమిదో తరగతితో ఆగిపోకూడదు, పన్నెండు దాకా రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో బడిపిల్లలకి రాగిజావ ఇచ్చారు, 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో భోజనం పెట్టారు. ఇలాంటివి ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మార్చే దానాలుగా కాక, చట్టం ఇచ్చిన హక్కుగా ఉండాలి. రేషన్ షాపులో బియ్యం పక్కన రాగులు, పప్పు, నూనె ఉండాలి. హాస్టల్లో రోజూ పాలు, గుడ్డు ఉండాలి. మైదానం లేని కాలేజీకి గుర్తింపు ఉండకూడదు, ఆ మైదానంలో ఆడపిల్లలకంటూ రోజూ ఒక గంట ఉండాలి. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ ప్రతి పిల్లకీ, ఏ జిల్లాలో ఉన్నా, అంగన్‌వాడీ తలుపు తెరిచి ఉండాలి. ఆమె కాబోయే తల్లి అని కాదు. ఆమె ఎప్పటికీ తల్లి కాకపోయినా సరే, పెళ్ళే చేసుకోకపోయినా సరే, ఆమెకో వెన్నెముక ఉంది కాబట్టి.

అమ్మమ్మలకి కూడా ఒక మాట. చిమ్మిలి దంచండి. మానొద్దు. పన్నెండో రోజు కూడా దంచండి, పక్కింటి పిల్లకీ పెట్టండి. పెట్టేటప్పుడు మాత్రం 'రేపు పిల్లల్ని కనాలి' అనకండి. 'తినవే, పరిగెత్తాలి నువ్వు' అనండి.